హెబ్బాళ చెరువు ఫేజ్‌లు: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 9

నా ప్రాజెక్టు ప్రతిపాదన తిరిగొచ్చింది. మేడమ్ ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క మాట కొట్టేశారు: క్రిస్పర్. శీర్షికలోనే ఉన్న మాట అది. అంటే మొత్తం కొట్టేసినట్టే.

నా ఆలోచన ఇదీ. మా ల్యాబ్‌లో ఎంజీ1655 అనే రకం ఈ. కోలై బాక్టీరియా ఉంది. దానిలో క్రిస్పర్ జన్యువులు, అంటే పాత వైరస్‌లను గుర్తుపట్టి నరికే రక్షణ జన్యువులు, ఉన్నాయి. చెరువు నీళ్ళలోంచి ఫేజ్‌లను, అంటే బాక్టీరియాను పట్టే వైరస్‌లను తెచ్చి దాని మీద వదిలితే, అది తనను తాను ఎలా కాపాడుకుంటుందో చూడొచ్చు. "జన్యువులు ఉన్నాయి, కానీ నోరు మూసుకుని ఉన్నాయి" అన్నారు మేడమ్. హెచ్-ఎన్ఎస్ అనే ప్రోటీన్ వాటి మీద బైఠాయించి ఉంటుందట. మామూలుగా ల్యాబ్‌లో పెంచినప్పుడు వాటిని పనిచేయనివ్వదట. బీరువాలో తుపాకి ఉన్నా తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉన్నట్టు.

"మరి నేనేం చూడాలి మేడమ్?"

"1953లో చూసిందే చూడు. అది నీ చేత్తో చేశాక మిగతావాటి సంగతి మాట్లాడుకుందాం."

1953 అంటే బెర్టాని, వైగల్ చేసిన పని. వాళ్ళు లాంబ్డా అనే ఫేజ్‌ను ఒక రకం ఈ. కోలైలో పెంచి ఇంకో రకం మీద వేస్తే అది దాదాపు మొలవలేదు. వేలల్లో ఒకటీ అరా మొలిచాయి. అలా మొలిచినవాటిని మళ్ళీ అదే రకం మీద వేస్తే మాత్రం అన్నీ బ్రహ్మాండంగా మొలిచాయి. తిరిగి పాత రకంలో ఒకసారి పెంచితే ఆ శక్తి పోయింది. అంతకు ముందు ఏడాదే లూరియా, మేరీ హ్యూమన్ ఇలాంటిదే చూశారు. లూరియా దగ్గరున్న కల్చర్ ట్యూబు పగిలిపోయి, బెర్టాని దగ్గర షిగెల్లా అనే ఇంకో బాక్టీరియాను అరువు తెచ్చుకుని వాడితే, చచ్చిపోయాయనుకున్న ఫేజ్‌లు దానిమీద మొలిచాయని కథ. బాక్టీరియాకు తిండిగా మేం రోజూ కాచే ఎల్‌బీ కూడా ఈ బెర్టాని తయారుచేసిందే. అందరూ లూరియా బ్రాత్ అంటారు గానీ బెర్టాని పెట్టిన పేరు లైసోజెనీ బ్రాత్.

కారణం తర్వాత తేలింది. బాక్టీరియాలో ఒక కత్తి, ఒక ముద్ర ఉంటాయి. ఎంజీ1655లో ఉండే వ్యవస్థ పేరు ఎకోకేఐ. డీఎన్ఏలో ఏఏసీ, ఆ తర్వాత ఏవైనా ఆరు అక్షరాలు, ఆ తర్వాత జీటీజీసీ అని కనిపించిన చోట అది ఆగి చూస్తుంది. అక్కడి 'ఏ' అనే అక్షరం మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర ఉంటే మనవాడే, పోనీ అంటుంది. లేకపోతే డీఎన్ఏను తనవైపు లాక్కుంటూ పోయి ఎక్కడో దూరంగా తెగ నరుకుతుంది.

మా తాత చెప్పేవాడు, వెనకటికి కళ్ళంలో ధాన్యపు రాశి చుట్టూ తడిమట్టితో ముద్రలు కొట్టి ఇంటికెళ్ళేవాళ్ళట. రాత్రి ఎవరైనా గంప నింపుకుంటే పొద్దున ముద్ర చెదిరి దొరికిపోతారు. అంతకన్నా మంచి పోలిక నాకు తట్టలేదు.

నోటుబుక్కులో మూడు ఇళ్ళు, అంటే ఫేజ్‌లు పెరిగే మూడు రకాల ఈ. కోలైలు, రాసుకున్నా. ఎంజీ1655లో కత్తీ ముద్రా రెండూ ఉన్నాయి. డీహెచ్5 ఆల్ఫా ముద్ర వేస్తుంది, కత్తి విరిగింది. బీఎల్21 వేరే వంశం, బి రకం. దానిలో ఈ ముద్రా లేదు, కత్తీ లేదు. బీఎల్21 తీసేటప్పుడు డీఈ3 అని రాసున్న ట్యూబు తీయొద్దని సీనియర్ అక్క హెచ్చరించింది. దానిలో లాంబ్డా ముక్క ఒకటి ముందే కాపురం పెట్టి ఉంటుంది, లెక్కలన్నీ తారుమారవుతాయి.

జూన్ 11

బెంగళూరులోని హెబ్బాళ చెరువులోకి కలిసే రాజకాలువ దగ్గర నీళ్ళు పట్టాం. ల్యాబ్ అన్న వెనకనుంచి "జారుత్తె, నోడ్కొండు" అంటూనే ఉన్నాడు, నేను జారుతూనే ఉన్నాను. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ రొద, కింద మురుగు. ఈ. కోలైని పట్టే ఫేజ్ కావాలంటే ఈ. కోలై ఉండే చోటే వెతకాలి, అది మనుషుల పేగుల్లో ఉంటుంది, కాబట్టి మురుగే గని. భూమ్మీద ఉన్న ఫేజ్‌ల సంఖ్య ఒకటి పక్కన 31 సున్నాలని అంచనా వేస్తారు. ఆ సున్నాల్లో కొన్ని నా చెప్పుల మీద కూడా ఉండి ఉంటాయి.

ల్యాబ్‌కి వచ్చి 50 మిల్లీలీటర్లు తేర్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి తోశా. సగంలోనే ఫిల్టర్ మూసుకుపోయింది. మొత్తం నాలుగు ఫిల్టర్లు పట్టాయి. వాటి ధర తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

ఫిల్టర్ దాటిన నీటిని బీఎల్21తో కలిపి, రెట్టింపు చిక్కటి ఎల్‌బీలో రాత్రంతా షేకర్ మీద పెట్టా. బీఎల్21 ఎందుకు, ఎంజీ1655 ఎందుకు కాదు అని మేడమ్ అడిగారు. ఎంజీ1655తో వల వేస్తే దాని కత్తికి దొరకనివే పడతాయి. కత్తికి బలయ్యేవాటిని చూడాలన్నది కదా నా పని, అందుకని కత్తి లేని ఇంటితో వల వేశానని చెప్పా. తలూపారు. ఆ తలూపుడుకి రాత్రి మెస్‌లో రెండో గరిటె పప్పు వేయించుకున్నా.

జూన్ 13

ప్లేట్లన్నీ పాడు. బాక్టీరియా పరుపులా సమంగా పెరగాల్సిన చోట అక్కడక్కడా మచ్చలు, మధ్యలో బోడి నేల. ఫేజ్ చేసిన పనేనని గంతేశాను. ఫేజ్ కలపని ప్లేట్ కూడా అలాగే ఉందని అక్క చూపించింది. సాఫ్ట్ అగర్‌ను, అంటే బాక్టీరియాను కలిపి ప్లేట్ మీద పోసే పలుచటి జెల్లీని, మరీ వేడిగా ఉన్నప్పుడే పోశా. బాక్టీరియాను నేనే ఉడకబెట్టా.

"పాపా, పాలు తోడు పెట్టడం తెలుసు కదా? దానికన్నా ఒక పిసరు వేడి. మణికట్టుకి ఆనిస్తే చురుక్కుమనాలి, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోకూడదు." అక్కది మదనపల్లె. థర్మామీటరు పెట్టి చూస్తే ఆమె మణికట్టు చెప్పింది 47 డిగ్రీలు.

జూన్ 17

మొలిచాయి! పచ్చటి పరుపు మీద ఎవరో చిల్లులు పొడిచినట్టు గుండ్రటి ఖాళీలు. వీటినే ప్లేక్‌లంటారు. ఒక్కో ప్లేక్ ఒక్క ఫేజ్ సంతానం. చూపుకే మూడు రకాలు తెలిసిపోతున్నాయి, కాబట్టి పేర్లు పెట్టేశా.

పళ్ళెం: మూడు గంటల్లోనే కనిపించింది, సాయంత్రానికి రూపాయి బిళ్ళంత అయింది, మధ్యంతా అద్దంలా తేట. ఆవగింజ: బాగా చిన్నది, అంచు కత్తిరించినట్టు స్పష్టం. మసక: మధ్యస్థం, మధ్యలో పొగమంచు పట్టినట్టు బాక్టీరియా మళ్ళీ పెరిగి ఉంటుంది.

ఒక్కోదాన్ని టిప్పుతో గుచ్చి తీసి, పలుచన చేసి, మళ్ళీ ప్లేట్ పోసి, అలా మూడు సార్లు శుద్ధి చేయాలి. ఈ వారమంతా దానికే పోతుంది, రాయడానికేమీ ఉండదు.

జూన్ 24

మొదటి అసలు లెక్క. మూడు ఫేజ్‌ల స్టాకులూ బీఎల్21లో పెరిగినవే, అంటే ముద్ర లేనివి. ఒకే స్టాకును డీహెచ్5 ఆల్ఫా మీదా, ఎంజీ1655 మీదా వేశా. రెండూ కె-12 వంశమే కాబట్టి ఫేజ్ అతుక్కునే తలుపులు ఒకేలా ఉంటాయి. నాకు కావలసిన తేడా కత్తి దగ్గరే.

పళ్ళెం: డీహెచ్5 మీద 104 ప్లేక్‌లు, అదే పలుచదనంలో ఎంజీ మీద 96. ఆవగింజ: 118, 132. అంటే కత్తి ఉందో లేదో కూడా వీటికి పట్టలేదు.

మసక దగ్గర మాత్రం నాకు చేతులు వణికాయి. డీహెచ్5 మీద లక్ష రెట్లు పలుచన చేసిన ప్లేట్‌లో 210. ఎంజీ మీద అదే ప్లేట్ నున్నగా ఉంది, ఒక్కటి కూడా లేదు. వంద రెట్లు మాత్రమే పలుచన చేసిన ప్లేట్‌లో 42 కనిపించాయి. ఒక్కో ప్లేట్‌కు పోసింది మిల్లీలీటరులో పదో వంతే కాబట్టి, లెక్కకడితే ఒకచోట మిల్లీలీటరుకు 21 కోట్లు, ఇంకోచోట 42 వేలు. ఐదు వేలలో ఒకటి బతికింది.

72 ఏళ్ళ కిందట ఎవరో చూసిందే. అయినా రాత్రి తొమ్మిదింటికి ఇన్‌క్యుబేటర్ ముందు నిలబడి ఆ నున్నటి ప్లేట్‌ను వెలుతురుకి పెట్టి ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

జూన్ 26

ఇప్పుడు అనుమానం పని. ఐదు వేలలో ఒకటి బతికిందంటే అది మ్యుటేషన్ కూడా కావచ్చు కదా? పుట్టుకతోనే మొండిదేమో, కత్తికి దొరికే అక్షరాలు దానిలో మారిపోయాయేమో.

ఎంజీ మీద బతికిన ఒక ప్లేక్‌ను గుచ్చి తీసి మళ్ళీ రెండింటి మీదా వేశా. డీహెచ్5 మీద 93, ఎంజీ మీద 88. ఈసారి కత్తి పనిచేయలేదు. మ్యుటేషన్ అయినా ఇలాగే ఉంటుంది, ముద్ర అయినా ఇలాగే ఉంటుంది, కాబట్టి దీంతో ఏమీ తేలలేదు. అసలైన సాక్ష్యం పక్కనే పెట్టుకున్నా: మామూలు మసకను డీహెచ్5లో పెంచి తీసిన స్టాకు. డీహెచ్5లో కత్తి లేదు, కాబట్టి అక్కడ ఎవరినీ ఏరిపారేయరు, మొండివాళ్ళు మాత్రమే మిగిలే ప్రశ్నే లేదు. ఆ స్టాకు ఎంజీ మీద దాదాపు అంతకంతా మొలిచింది. ఏరివేత లేకుండానే అందరూ పాసయ్యారంటే అందరి మీదా ముద్ర పడిందనే.

బతికిన ఆ ఒక్కటి ఎలా బతికింది మరి? కత్తీ ముద్రా ఒకే యంత్రంలో భాగాలు. ఎప్పుడో ఒక కణంలో నరకడానికన్నా ముందే ముద్ర పడిపోతుంది. ఇక ఆ ఫేజ్ పిల్లలన్నీ ఆ ఇంటివాళ్ళే.

జూలై 1

ముద్ర అయితే, ముద్ర లేని ఇంట్లో పెరిగితే చెరిగిపోవాలి. ముద్ర పడ్డ మసకను బీఎల్21లో పెంచి మళ్ళీ ఎంజీ మీద వేశా. ఐదు వేలలో ఒకటికి పడిపోవాలి.

పడలేదు. డెబ్బైలో ఒకటి వచ్చింది.

మళ్ళీ చేశా. అరవై ఆరులో ఒకటి. ట్యూబులు తారుమారయ్యాయేమోనని రాత్రంతా టెన్షన్. అతుక్కోకుండా మిగిలిపోయిన పాత ఫేజ్‌లేమోనంటే, కణాలను రెండుసార్లు కడిగా కదా.

జూలై 3

మేడమ్ నా నోటుబుక్కు తిప్పి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఎంతసేపు పెంచావు?" గంట. అంటే ఒక్క విడతే. ఫేజ్ లోపలికి వెళ్ళింది, పిల్లలు పుట్టాయి, కణం పగిలింది, అక్కడికి క్లోరోఫామ్ పోసి ఆపేశా. "ఒక్కో కణంలోంచి ఎన్ని పిల్లలొచ్చాయి?" లెక్కేసి చెప్పా, సగటున 130. "ఆ 130లో పాత ముద్ర ఎన్నిటికి ఉంటుంది?"

నాకు వెలగడానికి నిమిషం పట్టింది. డీఎన్ఏకి రెండు పోగులు. లోపలికి వెళ్ళిన ఫేజ్ రెండు పోగుల మీదా ముద్ర ఉంది. బీఎల్21లో ఆ పోగులు విడిపోయి ఒక్కోదానికి కొత్త జత పుడుతుంది. కొత్తవాటి మీద ముద్ర లేదు. ఎన్ని పిల్లలు పుట్టినా ఆ రెండు పాత పోగులు రెండు పిల్లల్లోకే వెళ్తాయి. 130లో 2, అంటే 65లో ఒకటి. నా తప్పనుకున్న అంకె అది!

సగం ముద్ర ఉన్న డీఎన్ఏను ఎకోకేఐ నరకదు, మిగతా సగం ముద్ర వేసి పంపుతుంది. అదే లేకపోతే బాక్టీరియా తన డీఎన్ఏను తానే నరుక్కునేది. తను రెండుగా చీలిన ప్రతిసారీ తన డీఎన్ఏ కూడా కాసేపు సగం ముద్రతోనే ఉంటుంది కదా.

1962లో వెర్నర్ ఆర్బర్, డెయిజీ డ్యూసువా జెనీవాలో చేసింది ఇదే. వాళ్ళు రేడియోధార్మిక ఫాస్ఫరస్‌తో పాత పోగుల జాడ పట్టారు, నేను ప్లేక్‌లు లెక్కపెట్టా. ముద్ర డీఎన్ఏ మీదే ఉందని తేల్చింది ఆ పని. 1978లో ఆర్బర్‌కి హ్యామిల్టన్ స్మిత్, డేనియల్ నాథన్స్‌తో కలిపి నోబెల్ వచ్చింది. డ్యూసువా పేరు పాఠ్యపుస్తకాల్లో నాకెక్కడా ఎదురవలేదు, ఇవాళ మేడమ్ చెప్పేదాకా తెలియదు.

అదే స్టాకును ఇంకోసారి బీఎల్21లో, ఈసారి బాగా పలుచన చేసి రాత్రంతా పెంచా. రేపు లెక్క.

జూలై 4

4,700లో ఒకటి. ముద్ర చెరిగిపోయింది. అక్క బయటినుంచి బాదం పాలు తెప్పించింది.

జూలై 6

ఆదివారం, హిందూపురం. ఇంట్లో పెరుగు చూస్తే నా పాత ప్రేమ మళ్ళీ గుర్తొచ్చింది. క్రిస్పర్‌ను పనిలో పెట్టి చూపించింది పెరుగు బాక్టీరియాతోనే. ఇషినో బృందం 1987లో ఒసాకాలో ఈ. కోలై జన్యువు ఒకటి చదువుతూ, పక్కనే మళ్ళీ మళ్ళీ వచ్చే వింత వరుసను చూసి, ఇదేమిటో తెలియదని రాసి వదిలేసింది. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో మొహికా ఉప్పుమడుల సూక్ష్మజీవుల్లో అలాంటివే చూసి ఏళ్ళ తరబడి వెంటపడ్డాడు. ఆ వరుసల మధ్యనున్న ముక్కలు ఫేజ్‌లవీ, ప్లాస్మిడ్‌లవీ (బాక్టీరియా లోపల విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్టలవీ) అని 2005లో తేలింది. 2007లో డానిస్కో కంపెనీలో బరాంగూ, హోర్వాత్ వాళ్ళు స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ మీద ఫేజ్‌ను వదిలి, బతికిన బాక్టీరియాలో కొత్త ముక్కలు చేరాయని, అవి ఆ ఫేజ్ నుంచి వచ్చినవేనని చూపించారు. ఆ ముక్క తీసేస్తే రక్షణ పోయింది, పెడితే వచ్చింది. పెరుగు, చీజ్ ఫ్యాక్టరీల్లో ఫేజ్ పడితే తొట్లకు తొట్లు తోడుకోవు, అందుకే వాళ్ళకంత ఆసక్తి.

"అయితే ఆ రోజు మన పెరుగు తోడుకోనిది అందుకేనా?" అంది అమ్మ. కాదమ్మా, ఆ రోజు నువ్వు పాలు చల్లారిపోయాక తోడు వేశావు.

ముద్రకూ దీనికీ తేడా బస్సులో ఆలోచిస్తూ వచ్చా. ముద్రకు తనవాళ్ళెవరో మాత్రమే తెలుసు, దొంగల ముఖాలు తెలియవు. క్రిస్పర్ దొంగల ఫొటోలు దాచుకుంటుంది. అయితే దానికి ఇంకో చిక్కు: ఆ ఫొటో కూడా తన డీఎన్ఏలోనే ఉంది కదా, దాన్నే దొంగనుకుని నరికితే? అందుకే ఫేజ్ డీఎన్ఏలో ఆ ముక్క పక్కన రెండు మూడు అక్షరాల గుర్తు కూడా ఉంటేనే నరుకుతుంది. దాచుకున్న ఫొటో పక్కన ఆ గుర్తు ఉండదు. పద్ధతి ఏదైనా ముందు తేల్చుకోవాల్సింది నరకడం కాదు, తనదెవరు పరాయిదెవరు అన్నది.

యలహంక దాటాక ఎప్పట్లాగే ట్రాఫిక్.

జూలై 10

మూడు ఫేజ్‌ల డీఎన్ఏ తీశా. ఫీనాల్ వాసన దుపట్టాకు పట్టుకుని మూడు రోజులైనా వదల్లేదు.

పళ్ళెం, ఆవగింజలను కత్తి ఎందుకు ముట్టలేదో తెలుసుకోవాలి. ముందు మూడింటినీ ఎకోఆర్ఐ అనే, డీఎన్ఏను కోసే, కొన్న ఎంజైమ్‌తో కోశా, పక్కన లాంబ్డా డీఎన్ఏ. లాంబ్డా పొడవు 48,502 అక్షరాలు, ఎకోఆర్ఐ ఐదు చోట్ల కోస్తుంది, ఆరు ముక్కలు రావాలి. ముక్కలను పొడవు ప్రకారం విడదీసే జెల్‌లో నాకు ఐదు గీతలే కనిపించాయి. 5,804, 5,643 పొడవున్న రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయని అక్క చెప్పేదాకా అదొక కంగారు.

మసక తెగింది. పళ్ళెం తెగలేదు, ఆవగింజా తెగలేదు. "రెండిటికీ కవచం ఉంది" అని రాసేశా. మేడమ్ ఆ వాక్యం కింద రాశారు: "తాళం తెరుచుకోలేదా, అసలు తలుపే లేదా?" నిజమే. ఎకోఆర్ఐకి జీఏఏటీటీసీ కావాలి. అది డీఎన్ఏలో లేకపోయినా తెగదు.

అందుకని ఇంకో రెండు ఎంజైమ్‌లు. హెచ్‌పీఏఐ వెతికేది జీటీటీఏఏసీ, దానిలో సి ఉంది. డీఆర్ఏఐ వెతికేది టీటీటీఏఏఏ, దానిలో సి లేదు, జి లేదు. పళ్ళెం హెచ్‌పీఏఐకి చక్కగా తెగింది. అంటే దాని డీఎన్ఏ మామూలుదే. ఆవగింజ హెచ్‌పీఏఐకి తెగలేదు, డీఆర్ఏఐకి మాత్రం చిన్న చిన్న ముక్కలుగా తెగింది. సి ఉన్న చోటల్లా మొండికేస్తోంది. టీ4 జాతి ఫేజ్‌ల లక్షణం ఇదే. అవి తమ డీఎన్ఏలో సి బదులు హైడ్రాక్సీమిథైల్ సి పెట్టుకుంటాయి, దానిపైన గ్లూకోజ్ అంటిస్తాయి. చక్కెర పూత పూసుకున్న డీఎన్ఏ కత్తుల చేతికి ఆనదు. ఆవగింజ టీ4 చుట్టమేనని నా నమ్మకం, సీక్వెన్స్ వచ్చేదాకా నమ్మకమే.

దీనికీ బాక్టీరియా ఊరుకోలేదు. ఎంసీఆర్‌బీసీ అనే కత్తి ఉంది, అది తిరకాసు కత్తి, మార్పు చేసిన సి కనిపిస్తేనే నరుకుతుంది. ఆ మార్పు మీద చక్కెర కూడా ఉంటే నరకలేదు. 1952లో లూరియా చూసింది చక్కెర పూత పడని ఫేజ్‌లకు పట్టిన గతి.

ఇంకో కథ ఉంది, నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది. కొన్ని ఈ. కోలైలలో కత్తిని కనిపెట్టుకుని పీఆర్ఆర్‌సీ అనే ఇంకో కాపలా ఉంటుంది. టీ4 లోపలికొచ్చి ఒక చిన్న ప్రోటీన్‌తో కత్తిని మొద్దుబారుస్తుంది. కత్తి మొద్దుబారిందని తెలియగానే పీఆర్ఆర్‌సీ లేచి కణం సొంత టీఆర్ఎన్ఏనే, ప్రోటీన్ల తయారీకి లైసిన్ మోసేదాన్ని, తెగ్గొడుతుంది. ప్రోటీన్ల తయారీ ఆగిపోతుంది. కణం చస్తుంది, దానితో ఫేజ్ కూడా. పక్క కణాలు బతుకుతాయి. టీ4 దానికీ సిద్ధమై వస్తుంది: తెగిన టీఆర్ఎన్ఏ చివరలను సరిచేసే కైనేజ్, అతికించే లైగేజ్, రెండూ తనవెంట తెచ్చుకుంటుంది. మా ఫ్రీజర్‌లో మైనస్ ఇరవైలో ఉన్న టీ4 పాలీన్యూక్లియోటైడ్ కైనేజ్ డబ్బా ఆ యుద్ధంలోదే. దాన్ని ఎన్నిసార్లు చేత్తో తీశానో, అదెందుకు పుట్టిందో ఒక్కసారీ అడగలేదు.

జూలై 15

ప్లాస్మిడ్ పని, రెండు రోజుల్లో తేలిపోయింది. మా ల్యాబ్ ఆంపిసిలిన్ ప్లాస్మిడ్‌లో ఎకోకేఐ చోట్లు రెండున్నాయని ముందే కంప్యూటర్‌లో వెతికి పెట్టుకున్నా. డీహెచ్5 నుంచి తీసిన ప్లాస్మిడ్‌ను ఎంజీలోకి ఎక్కిస్తే 264 కాలనీలు, బీఎల్21 నుంచి తీసినదాన్ని అంతే మోతాదులో ఎక్కిస్తే 9. వచ్చింది వైరస్సా, పనికొచ్చే ప్లాస్మిడ్డా అని కత్తి చూడదు. ముద్ర లేకపోతే ఎవరైనా ఒకటే.

అందుకే రక్షణ ఎక్కువైనా నష్టమే. యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్‌ల మీదే తిరుగుతాయి. ఆసుపత్రుల్లో దొరికే, చాలా మందులకు లొంగని ఎంటరోకాకస్‌లలో తరచుగా క్రిస్పర్ ఉండదని 2010లో పామర్, గిల్మోర్ చూపించారు. తలుపు తీసి పెట్టుకున్నవాళ్ళకు ఆయుధాలు ఇంటికే వచ్చాయన్నమాట.

జూలై 18

మసక ప్లేక్ మధ్యలో పొగమంచులా పెరిగినవాటిని గీసి తీసి వేరుగా పెంచా. వాటి మీద మసకను మళ్ళీ వదిలితే ఒక్క ప్లేక్ కూడా రాలేదు, ముద్ర ఉన్న స్టాకుతో కూడా. పళ్ళెం, ఆవగింజ మాత్రం ఎప్పట్లాగే తినేశాయి. అతుక్కునే తలుపే మారిపోయిందేమోనని చూశా. మసక వాటికి మామూలుగానే అతుక్కుంటోంది. అంటే మసక ఒకటి ఆ కణాల్లో కాపురం పెట్టి, తన జాతివాళ్ళను ఇంకెవరినీ రానివ్వట్లేదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే గానీ, దొంగ కాపలా బాగానే కాస్తున్నాడు.

జూలై 19

సాయంత్రం అక్క ఒక పేపర్ పట్టుకొచ్చింది, 2018 నాటిది, ఇజ్రాయెల్‌లో సోరెక్ ల్యాబ్‌ది. బాక్టీరియా జీనోముల్లో రక్షణ జన్యువులు గుంపులుగా ఒకేచోట ఉంటాయని గమనించి, ఆ చుట్టుపక్కల ఉన్న తెలియని జన్యువులను పట్టి పరీక్షిస్తే పది కొత్త వ్యవస్థలు బయటపడ్డాయి. తొమ్మిది ఫేజ్‌ల మీదకి, ఒకటి ప్లాస్మిడ్‌ల మీదకి. పేర్లు చూడండి: జోర్యా, లమస్సు, షెడు, హచిమన్, వాజెట్. దేశదేశాల కాపలా దేవతల పేర్లు పెట్టారు.

మన పేరొక్కటీ లేదని నాకు కొంచెం ఉక్రోషం. మా ఊరి పొలిమేర మారెమ్మ ఉంది, ఇక్కడ మెజెస్టిక్ దగ్గర అణ్ణమ్మ ఉంది. అక్క అంది, "నువ్వు కనిపెట్టు పాపా, పోలేరమ్మ అని పెడదాం."

జూలై 23

మిగిలింది పళ్ళెం. మామూలు డీఎన్ఏ, చక్కెర పూత లేదు, అయినా కత్తి ముట్టదు. రెండే దారులు. ఒకటి, దానిలో ఎకోకేఐ చోట్లే లేకపోవడం. రెండు, టీ7 ఫేజ్ వేసే ఎత్తు. టీ7 లోపలికి దిగగానే మొదట తయారుచేసే ప్రోటీన్ పేరు ఓసీఆర్. అది అచ్చం వంగిన డీఎన్ఏ ముక్క ఆకారంలో, అదే రుణావేశంతో ఉంటుంది. కత్తి దాన్నే డీఎన్ఏ అనుకుని గట్టిగా పట్టుకుని ఉండిపోతుంది. అసలు డీఎన్ఏ ఈలోపు దర్జాగా లోపలికి దిగుతుంది.

మూడు గంటల్లో మొలవడం, అంత పెద్ద ప్లేక్, ఇవన్నీ చూస్తే నా పందెం రెండోదాని మీదే. మేడమ్ పందేలు కాయరు. టీ7లోని ఓసీఆర్ జన్యువు పళ్ళెంలో ఉందో లేదో వెతకడానికి ప్రైమర్లు, అంటే చిన్న డీఎన్ఏ ముక్కలు, ఆర్డర్ పెట్టమన్నారు. పెట్టి పదకొండు రోజులైంది. డీలర్‌కి ఫోన్ చేస్తే "రేపు మేడమ్" అంటున్నాడు, నిన్నా అదే అన్నాడు.

అందాకా పళ్ళెం స్టాకు ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంది. మూత మీద తేదీ, ఏ ఇంట్లో పెరిగిందో రాసి పెట్టా.